మరణం లేదా పునర్వివాహం

వితంతు పింఛను దరఖాస్తు ఫారాన్ని సాహిత్య విద్యార్థులు ఎవరూ ఒక పాఠ్యంగా చదవరు. అందులో కవిత్వం లేదు, పాత్రచిత్రణ లేదు, శైలి అసలే లేదు. అయినా అది ఒక స్త్రీ జీవితకథని నాలుగు పేజీల్లో రాసేస్తుంది. ఆమె ఎవరి భార్యో, ఆయన ఎప్పుడు పోయాడో, పిల్లలెందరో, ఇకముందు ఆమె ఎలా బతికితే నెలనెలా డబ్బు వస్తుందో, ఎలా బతికితే ఆగిపోతుందో అన్నీ అందులో వుంటాయి. కథానాయిక భవిష్యత్తుని ఇంత కచ్చితంగా ముందే నిర్ణయించే రచన మన సాహిత్యంలో కూడా తక్కువే.

నా పరిశోధన సంస్కరణ యుగపు నాటకాల మీద, నవలల మీద. వితంతువు అనే పాత్ర చుట్టూ ఆ కాలంలో జరిగిన వాదోపవాదాలు చదువుతూ, వాటి పక్కన ఈనాటి పింఛను నియమాలు కూడా పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. అలా చదువుతుంటే ఒక మాట పదే పదే అడ్డు తగిలింది. మరణం లేదా పునర్వివాహం, ఏది ముందయితే అంతవరకు. ప్రైవేటు రంగంలో పనిచేసే వాళ్ళకోసం 1995 నవంబరు 16 నుంచి అమల్లోకి వచ్చిన ఉద్యోగుల పింఛను పథకం, జీవిత భాగస్వామికి పింఛను ఎంతకాలం ఇస్తారన్న ప్రశ్నకి ఇచ్చే జవాబు ఇదే. కేంద్ర ప్రభుత్వోద్యోగుల కుటుంబ పింఛను నియమాల్లోనూ మూలసూత్రం ఇదే. చూడటానికి చిన్న మాట. కానీ 'లేదా' అనే పదం అటూ ఇటూ వున్న రెండింటినీ ఒకే తూకంలో పెడుతుంది. ఆమె చనిపోవడమూ, ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోవడమూ ఖజానా లెక్కలో ఒకే సంఘటన.

ఇది గుమాస్తా రాతలోని యాదృచ్ఛికత కాదు. దీనికి వంశవృక్షం వుంది.

1856 నాటి హిందూ వితంతు పునర్వివాహ చట్టాన్ని మనం స్త్రీల విముక్తి చరిత్రలో ఒక మైలురాయిగా చదువుకున్నాం. పాఠ్యపుస్తకాలు దాని మొదటి సెక్షన్ దగ్గరే ఆగిపోతాయి. వితంతువు చేసుకున్న పెళ్ళి చెల్లుతుందని చెప్పేది ఆ సెక్షన్. రెండో సెక్షన్ వేరే సంగతి చెబుతుంది. మళ్ళీ పెళ్ళి చేసుకున్న వితంతువుకి చనిపోయిన భర్త ఆస్తిలో వున్న హక్కులన్నీ, ఆమె అప్పుడే చనిపోయిందనుకుంటే ఎలా పోతాయో అలా పోతాయి. ఆ ఆస్తి భర్త తరఫు తర్వాతి వారసులకి చేరుతుంది. అంటే ఆమెకి కొత్త జీవితం ఇచ్చిన చట్టమే, అదే కాగితం మీద ఆమెను చనిపోయినట్టు లెక్కగట్టింది. పెళ్ళి చేసుకునే స్వేచ్ఛకి ధర పెట్టింది. ఆ ధర భూమి, ఇల్లు, తిండిగింజలు.

ఇందులో కులం కోణం కూడా వుంది. మారుమనువు ఈ దేశంలో చాలా కులాల్లో ఎప్పటినుంచో వున్న ఆచారం. ఆ స్త్రీలకి ఈ చట్టం కొత్తగా ఇచ్చిందేమీ లేదు. కానీ రెండో సెక్షన్‌ని కొన్ని హైకోర్టులు వాళ్ళకీ వర్తింపజేశాయి. అలహాబాద్ హైకోర్టు మాత్రం, ఆచారం ప్రకారం పునర్వివాహ హక్కు ముందే వున్న కులాల వాళ్ళకి ఈ సెక్షన్ వర్తించదంది. అగ్రకుల వితంతువుకి పెళ్ళి ఇవ్వడానికి వచ్చిన చట్టం, శ్రామిక కులాల వితంతువు దగ్గర వున్న కాస్త ఆస్తినీ ప్రశ్నార్థకం చేసింది. సంస్కరణని ఎవరి ఇంట్లోంచి చూస్తున్నామన్నదాన్ని బట్టి దాని అర్థం మారుతుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఆస్తి చట్టం తర్వాత ఈ వాక్యాన్ని వదిలేసింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం, వితంతువుకి భర్తనుంచి వచ్చిన ఆస్తిని ఆమెకి పూర్తి హక్కుగా ఇచ్చింది. ఆ తర్వాత ఆమె పెళ్ళి చేసుకున్నా ఆ ఆస్తి పోదు. అందులో మిగిలిపోయిన ఒక ముల్లు, అంటే వారసత్వం తెరుచుకునేనాటికి మళ్ళీ పెళ్ళి చేసుకుని వున్న కోడలు వంటి కొందరికి వాటా లేదనే 24వ సెక్షన్‌ని 2005లో తీసేశారు. 1856 చట్టాన్ని 1983లోనే రద్దు చేశారు. మరి ఆ పాత వాక్యం ఎక్కడికి పోయింది? భూమి వున్న ఇళ్ళనుంచి లేచి, భూమి లేని ఇళ్ళలోకి వచ్చి కూర్చుంది. భర్త పదెకరాలు వదిలి వెళితే ఆ భార్య రేపు ఎవరిని పెళ్ళి చేసుకున్నా పొలం ఆమెదే. భర్త వదిలింది మిల్లు ఉద్యోగపు పింఛను మాత్రమే అయితే ఆమె పెళ్ళి చేసుకున్న నాడే అది ఆగిపోతుంది. ఆస్తిపరురాలికి 1956 వచ్చింది. కూలి మీద బతికిన వాడి భార్య దగ్గర ఇంకా 1856 నడుస్తోంది.

ఈ డబ్బు ఎంతో కూడా చెప్పుకోవాలి. అంకెలు లేకుండా పింఛను గురించి మాట్లాడటం, ఆకలి గురించి అలంకారంగా మాట్లాడటం లాంటిది. ఉద్యోగుల పింఛను పథకంలో పింఛనుదారుడు చనిపోతే భార్యకి వచ్చేది ఆయన పింఛనులో సగం. 2014 సెప్టెంబరు నుంచి దానికి కనీసం 1,000 రూపాయలని గీత గీశారు. ఒకేసారి ఇద్దరు పిల్లల వరకు, 25 ఏళ్ళు వచ్చేదాకా, ఒక్కొక్కరికి తల్లి పింఛనులో నాలుగోవంతు వస్తుంది. కనీసం 250 రూపాయలు. పాత పింఛను విధానంలోని కేంద్ర ప్రభుత్వోద్యోగి కుటుంబానికయితే ఆఖరి మూలవేతనంలో 30 శాతం, 2016 నుంచి కనీసం 9,000, దానిమీద కరువు భృతి. ఏ ఉద్యోగమూ లేని అసంఖ్యాక కుటుంబాలకి 2009లో ఇందిరాగాంధీ జాతీయ వితంతు పింఛను పథకం వచ్చింది. దారిద్య్రరేఖ కింద వుండాలి, 40 ఏళ్ళు నిండాలి. మొదట 200 రూపాయలు, 2012లో 300 అయింది. కేంద్రం వాటా అక్కడే నిలిచిపోయింది. మన రెండు రాష్ట్రాల్లో మిగతా డబ్బు రాష్ట్రాలు కలుపుతాయి. వయసు నియమాన్నీ 18కి తగ్గించాయి. తెలంగాణలో 2014లో 1,000తో మొదలై 2019లో 2,016 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 4,000 అయింది.

ఆ 40 ఏళ్ళ నియమాన్ని ఒక విమర్శకురాలిగా చదివితే ఏమనిపిస్తుంది? పాతికేళ్ళ వితంతువు ఎలా బతుకుతుందని ఆ నియమం అనుకుంటోంది? పుట్టిల్లో, అత్తిల్లో, కూలిపనో, మళ్ళీ పెళ్ళో చూసుకుంటుందనేగా. ఒక నియమం యువ వితంతువుని పెళ్ళి వైపు నెడుతుంది, ఇంకో నియమం పెళ్ళి చేసుకుంటే శిక్షిస్తుంది. రెంటి మధ్యా ఆమె నిలబడాలి.

పథకాల పేర్లు కూడా చూడండి. ఆసరా, భరోసా, కానుక, చేయూత. అన్నీ మంచి తెలుగు మాటలే. అన్నీ ఇచ్చేవాడి చేతిని చూపించే మాటలే. పుచ్చుకునేదాని హక్కుని చెప్పే మాట ఒక్కటీ లేదు. ఉద్యోగంలో వుండగా చనిపోయిన వాడి భార్యకి ఇచ్చే ఉద్యోగం పేరు కారుణ్య నియామకం. భాష ఇలా వుంటే, పుచ్చుకునే మనిషి ప్రవర్తన మీద ఇచ్చేవాడికి అధికారం వుండటం సహజంగా కనబడుతుంది. దయ ఎప్పుడూ షరతుతోనే వస్తుంది. కానీ న్యాయస్థానం ఈ భాషని ఎప్పుడో కాదంది. 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను ప్రభుత్వం దయతలిచి ఇచ్చేది కాదు, చేసిన సేవకి దక్కాల్సినదంది. కుటుంబ పింఛను విషయంలో ఈ మాట చెప్పించింది ఒక స్త్రీ. 1964లో వచ్చిన కుటుంబ పింఛను పథకం అంతకుముందు రిటైరైన వాళ్ళ భార్యలకి వర్తించలేదు. పూనమల్ అనే ఆమె, ఆమెలాంటి మరికొందరు కోర్టుకి వెళ్ళారు. 1985లో సుప్రీంకోర్టు వాళ్ళకీ అది హక్కుగానే చెందుతుందని తీర్పు ఇచ్చింది. కుటుంబ పింఛను చరిత్ర రాసేవాళ్ళు ఆ పేరుని మొదటి పేజీలో రాయాలి.

అది ఎందుకు హక్కు? చనిపోయిన వాడు సంపాదించాడు కాబట్టి అనే జవాబు సగమే. అతను ముప్ఫయ్యేళ్ళు పొద్దున్నే డ్యూటీకి వెళ్ళగలిగాడంటే, ముప్ఫయ్యేళ్ళు ఎవరో నాలుగింటికి లేచి క్యారేజీ కట్టారు, పిల్లల్ని సాకారు, అతని తల్లికి మంచం పట్టినప్పుడు సేవ చేశారు. జీతం అతని పేరు మీద వచ్చింది గానీ ఆ శ్రమ ఇద్దరిదీ. మనం స్త్రీవాదులం ఇది ఎన్నిసార్లు రాశామో లెక్కలేదు. ఆశ్చర్యం ఏమిటంటే ప్రభుత్వపు రాతలోనూ ఒకచోట ఇది కనబడుతుంది. ఇంటికి ఆధారమైన మనిషి 18, 59 ఏళ్ళ మధ్య చనిపోతే పేద కుటుంబానికి ఒకేసారి 20,000 ఇచ్చే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం వుంది. ఇల్లు చూసుకునే గృహిణిని కూడా సంపాదించే మనిషిగానే లెక్కించాలని దాని మార్గదర్శకాలు చెబుతాయి. ఆ ఒక్క వాక్యాన్ని నేను చాలాసార్లు చదివాను. ఇంటిచాకిరీని సంపాదనగా ఒప్పుకున్న ప్రభుత్వపు వాక్యం అది. దాన్ని చివరిదాకా తీసుకెళితే, భర్త పింఛనులో భార్యకి వచ్చేది ఆమె సొంత శ్రమకి బకాయి. బకాయిని ఎవరూ అవతలి మనిషి పెళ్ళి చూసి ఎగ్గొట్టరు.

ఇప్పుడు సాహిత్యం దగ్గరికి వస్తాను. 1892లో ప్రదర్శితమై, 1909లో దాదాపు కొత్త నాటకంగా మారిన కన్యాశుల్కంలో ముగ్గురు వితంతువులు వున్నారు. బుచ్చమ్మ, మీనాక్షి తండ్రుల ఇళ్ళలో వున్నారు. మూడో ఆమె పూటకూళ్ళమ్మ. మన విమర్శ బుచ్చమ్మ గురించి విస్తారంగా మాట్లాడింది. ఆమె అమాయకత్వం, గిరీశం ఉపన్యాసాలు, సౌజన్యారావు పంతులు ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపడం, ఇవన్నీ చర్చించాం. పూటకూళ్ళమ్మని హాస్యపాత్రగా, చీపురుకట్ట పట్టుకుని వచ్చిన గయ్యాళిగా చూసి వదిలేశాం. కానీ ఆ ముగ్గురిలో సొంత సంపాదన వున్నది ఆమెకే. అన్నం వండి అమ్ముకుని బతుకుతుంది. ఆమెకి పేరు లేదు, పనే పేరు. సరుకులకని ఇచ్చిన డబ్బు గిరీశం తినేస్తే, ఊళ్ళో పరువు పోతుందని ఇంట్లో కూర్చోలేదు, వెతుక్కుంటూ మధురవాణి ఇంటికే వచ్చింది. పునర్వివాహం మీద అంత అనర్గళంగా మాట్లాడే గిరీశానికి, తనకి అన్నం పెట్టిన ఈ వితంతువు విషయంలో ఆ సంస్కరణ ఎందుకు గుర్తు రాలేదు? సంస్కరణ ఉపన్యాసానికి కావలసింది నిస్సహాయురాలైన వితంతువు. చేతిలో డబ్బున్న వితంతువు ఆ ఉపన్యాసంలో ఇమడదు.

బుచ్చమ్మని గురజాడ ఆఖరికి పెళ్ళి పీటల మీదకి కాక పూనాకి పంపడంలో కూడా నాకిదే కనిపిస్తుంది. పెళ్ళా, వైధవ్యమా అన్న రెండు దారుల మధ్య ఆయన మూడో దారి వెతికాడు. ముందు చదువూ ఆశ్రయమూ, పెళ్ళి సంగతి తర్వాత.

వీరేశలింగం ఆచరణలోనూ ఈ ఆర్థిక ప్రశ్న వుంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేసినప్పుడు వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు రాకపోతే రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి నీళ్ళు మోసి, వంట చేసింది. కాకినాడ పైడా రామకృష్ణయ్య డబ్బుతో అండగా నిలిచారు. వెలి పడ్డ దంపతులకి ఇంటి దగ్గర్నుంచి తిండి దాకా సమకూర్చాల్సి వచ్చింది. అంటే తాళి కట్టించగానే వితంతువు సమస్య తీరదని మొదటి పెళ్ళిలోనే తేలిపోయింది. ఆ రోజుల్లో సంస్కర్తలు వ్యక్తులుగా మోసిన బరువు అది. తర్వాత అది ప్రభుత్వం మీదికి వచ్చింది. వస్తూ వస్తూ రెండో సెక్షన్‌ని వెంటబెట్టుకుని వచ్చింది.

ఆ సెక్షన్ ఇప్పుడు ఎలా మాట్లాడుతుందో మా పిన్ని దగ్గర విన్నాను. బాబాయి గుంటూరు జిల్లాలో ఒక నూలుమిల్లులో పనిచేస్తూ 2011లో చనిపోయాడు. అప్పటికి పిన్నికి ముప్ఫయి నాలుగేళ్ళు. ఏటా ఆమె బతికున్నట్టు ఋజువు ఇవ్వాలి. కాగితమయితే కాగితం, 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ అయితే వేలిముద్ర. దాంతోపాటే మళ్ళీ పెళ్ళి చేసుకున్నారా అన్న ప్రశ్న. ఒక ఏడు వరసలో పదిమంది నిలబడి వుండగా కౌంటరు దగ్గరి అబ్బాయి ఆ ప్రశ్న బిగ్గరగా, కాస్త నవ్వుతూ అడిగాడట. "చేసుకునేటప్పుడు నీకు చెప్పే చేసుకుంటాలే నాయనా" అందిట పిన్ని. వెనకవాళ్ళు నవ్వారు. ఇంటికొచ్చాక ఆమె నాతో అన్నది వేరు. "చచ్చావా బతికున్నావా అనడిగితే బతికున్నానని వేలు పెట్టి చూపిస్తానే. రెండోది ఎట్టా చూపించేదే? ఊరంతా కాపలా కాస్తేనేగా అది రుజువయ్యేది?"

ఆమె మాటలో ఒక చట్టశాస్త్ర విమర్శ మొత్తం వుంది. ఒక స్త్రీ పెళ్ళి చేసుకోలేదని ఋజువు చేసే యంత్రం లేదు. దానికి కావలసింది పొరుగు. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎంతసేపున్నారు అని చూసే కళ్ళు. ఎవరైనా ఒక ఫిర్యాదు రాస్తే చాలు, ఆమె సంజాయిషీ చెప్పుకోవాలి. కులపెద్దలు, అత్తింటివాళ్ళు ఒకప్పుడు చేసిన నిఘాని ఈ నియమం పునరుద్ధరిస్తుంది. వెయ్యి రూపాయలకి వెల కట్టిన నిఘా. అందుకే కొందరు స్త్రీలు తోడు దొరికినా పెళ్ళి నమోదు చేసుకోరు. పింఛను నిలుస్తుంది, ఆ రెండో బంధంలో భార్యగా దక్కాల్సిన రక్షణ పోతుంది. తర్వాత అతను వదిలేసినా, చనిపోయినా ఆమె చేతిలో ఏ కాగితమూ వుండదు.

పిల్లల సంగతి ఇంకా వింత. ఉద్యోగుల పింఛను పథకంలో తల్లి పునర్వివాహం చేసుకుంటే ఆమె పింఛను ఆగిపోయి, పిల్లలకి అనాథ పింఛను మొదలవుతుంది. తల్లి పింఛనులో ముప్పాతిక వంతు, కనీసం 750 రూపాయలు. పిల్లలకి డబ్బు పెరగడం మంచిదే. కానీ ఆ పేరు చూడండి. తల్లి పక్కగదిలో అన్నం వండుతూ వుండగా ఆ పిల్లలు కాగితం మీద అనాథలు. 1856లో ఆమె చనిపోయినట్టు భావించి ఆస్తిని భర్త వారసులకి మళ్ళించినట్టే, ఇక్కడా ఆమె లేనట్టు భావించి డబ్బుని భర్త సంతానానికి మళ్ళిస్తారు. వాక్యం మారింది, వ్యాకరణం మారలేదు.

దీన్ని సమర్థించేవాళ్ళ వాదన తేలిగ్గా కొట్టిపారేయాల్సింది కాదు. పింఛను వున్నది ఆధారం పోయిన వాళ్ళకోసం, మళ్ళీ పెళ్ళి చేసుకుంటే కొత్త ఆధారం వచ్చినట్టే, నిధి పరిమితం కాబట్టి అవసరమైన వాళ్ళకే వెళ్ళాలి అంటారు. ఈ నియమం మగవాళ్ళకీ వర్తిస్తుందిగా అని కూడా అంటారు. నిజమే, కాగితం మీద వర్తిస్తుంది. కానీ పెళ్ళి అంటే పోషణ అనే సమీకరణం ఎవరి జీవితంలో నిజం? కొత్త భర్త తాగుబోతు కావచ్చు, నిరుద్యోగి కావచ్చు, అతన్ని ఆమే పోషిస్తుండవచ్చు. అవసరమే కొలమానమయితే ఆదాయం చూడాలి, మంగళసూత్రం కాదు. అలా చూడటం సాధ్యమని కేంద్ర నియమాలే ఒప్పుకున్నాయి. ఆరో వేతన సంఘం తర్వాత, 2006 జనవరి నుంచి, పిల్లలు లేని వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకున్నా ఆమె కుటుంబ పింఛను కొనసాగుతుంది. ఆమె సొంత ఆదాయం కనీస కుటుంబ పింఛను స్థాయికి చేరితేనే ఆగుతుంది. మంచి మార్పు. కానీ పిల్లలు లేని ఆమెకే ఎందుకు? పిల్లలుంటే డబ్బు వెళ్ళడానికి భర్త రక్తం వుంది. పిల్లలు లేకపోతేనే భార్య కనబడుతుంది. ఆ మినహాయింపే అసలు నియమం దేన్ని కాపాడుతోందో బయటపెడుతుంది.

భార్య పోయిన మగవాడి సంగతి మాట్లాడకుండా ఈ చర్చ పూర్తి కాదు. తెలుగులో అతనికి జనం నోట్లో నానిన పేరే లేదు. విధురుడు నిఘంటువులో వుంటాడు. విధవ మాత్రం తిట్టుగా కూడా మారి, వెధవ అయి, మగవాళ్ళ మీద కూడా ప్రయోగమవుతుంది. అతని స్థితి తాత్కాలికం, పేరు పెట్టేలోపు మళ్ళీ పెళ్ళవుతుంది. రాష్ట్రాల సామాజిక పింఛన్లలో అతనికి సాధారణంగా చోటు లేదు. 2023లో హర్యానా ప్రభుత్వం, 40 ఏళ్ళు దాటి, ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న విధురులకి 2,750 రూపాయల పింఛను ప్రకటించడం అందుకే వార్త అయింది. మనలో కొందరు దాన్ని స్త్రీల వాటాకి గండి అనుకున్నారు. నేనలా అనుకోను. అమెరికాలో పౌలా వీజెన్‌ఫెల్డ్ అనే టీచరు 1972లో ప్రసవ సమయంలో చనిపోయింది. ఆమె జీతంనుంచి సోషల్ సెక్యూరిటీకి ఏళ్ళ తరబడి సొమ్ము కట్టించుకున్నారు. పసివాణ్ణి చూసుకోవడానికి ఇంటిపట్టున వుండాలనుకున్న ఆమె భర్తకి ఆ భృతి ఇవ్వమన్నారు, అది తల్లులకి మాత్రమేనన్నారు. ఆ కేసు వాదించిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్, ఇక్కడ ముందు అన్యాయం జరిగింది చనిపోయిన స్త్రీకే, ఆమె కట్టిన సొమ్ముకి మగవాడి సొమ్ముకన్నా తక్కువ విలువ ఇచ్చారని చెప్పింది. 1975లో కోర్టు ఏకగ్రీవంగా ఒప్పుకుంది. అక్కడ కూడా అరవయ్యేళ్ళలోపు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆ పెళ్ళి నిలిచినంతకాలం పాత భాగస్వామి తాలూకు భృతి రాదు. కాబట్టి ఈ వాక్యం మన ఒక్కరిదే కాదు. పితృస్వామ్యం తర్జుమా అవసరం లేకుండానే సముద్రాలు దాటుతుంది.

ఇక్కడ కూడా చిన్న చిన్న పగుళ్ళు కనిపిస్తున్నాయి. 2024 జనవరి నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం, విడాకుల కేసు గానీ, గృహహింస కేసు గానీ, వరకట్న కేసు గానీ నడుస్తున్న మహిళా ఉద్యోగి, తన తర్వాత కుటుంబ పింఛను భర్తకన్నా ముందు పిల్లలకి ఇవ్వమని రాసి ఇవ్వవచ్చు. తాళి కట్టినంత మాత్రాన స్త్రీ కష్టార్జితం మీద భర్తకి హక్కు రాదని ఒక పింఛను నియమం చెప్పడం చిన్న విషయం కాదు. తెలంగాణలో 2017 నుంచి ఒంటరి స్త్రీలకి పింఛను ఇస్తున్నారు. భర్త వదిలేసిన వాళ్ళకి, వదిలి వచ్చిన వాళ్ళకి, ఒక వయసు దాటినా పెళ్ళి కాని వాళ్ళకి అది వర్తిస్తుంది. ఆడది ఒంటరి కావడానికి మగవాడు చావడమొక్కటే దారి కాదని ప్రభుత్వం ఒప్పుకున్న సందర్భమది. కుటుంబ పింఛను హక్కు కోసం మనం పోరాడుతున్నప్పుడు, పెళ్ళే లేని స్త్రీని మర్చిపోయే ప్రమాదం వుంటుంది. ఆ ప్రమాదానికి సమాధానం కూడా ఇందులోనే వుంది.

రైతు ఆత్మహత్యల కుటుంబాల దగ్గర ఈ కథనపు హింస ఇంకా తీవ్రం. 2004లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన 421 నంబరు జీవో లక్షన్నర రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. తెలంగాణ 2015లో దాన్ని ఆరు లక్షలు చేసింది. కానీ భర్త చావు నిజమైన రైతు చావేనని కమిటీ ముందు భార్య నిరూపించాలి. పట్టా, అప్పు పత్రం, శవపరీక్ష నివేదిక, అన్నీ ఆమె చెప్పే కథకి సాక్ష్యం కావాలి. కౌలు రైతు భార్య దగ్గర పట్టా వుండదు. షావుకారు అప్పుకి కాగితం వుండదు. 2018లో వచ్చిన రైతు బీమా ఐదు లక్షలు కూడా పట్టాదారులకే. ఈ స్త్రీ ముందు అతని చావుని నిరూపించుకోవాలి. ఆ తర్వాత జీవితాంతం తన వైధవ్యాన్ని నిరూపించుకుంటూ వుండాలి.

నేను చదివినంతలో మన కథల్లో వితంతువు దుఃఖంగా వుంది, కోరికగా వుంది, తిరుగుబాటుగా వుంది. పాసుపుస్తకంతో తక్కువగా వుంది. ఆమె శరీరం మీద సమాజపు అదుపుని మనం చాలా బలంగా రాశాం, ఆ అదుపు ఏ కాగితం ద్వారా, ఏ కౌంటరు దగ్గర, నెలకి ఎన్ని రూపాయలకి నడుస్తుందో రాయలేదు. వైయక్తికమే రాజకీయమని నేర్చుకున్న మనకి, ఈ రాజకీయం నియమావళి భాషలో వుండటంతో విసుగనిపించి వదిలేశామేమో. చట్టం తెలిసిన వాళ్ళు దాన్ని చట్టంగానే చదువుతారు. దాన్ని కథగా చదవడం మనకే చేతనవుతుంది. అందులో ఎవరు కర్త, ఎవరు కర్మ, ఎవరి చావు ఎవరి పెళ్ళితో సమానమయిందో పట్టుకోవడం సాహిత్య విమర్శ పని.

'లేదా' తర్వాతి మాటని కొట్టేయమని అడగడం పెద్ద కోరికేం కాదు. మరణం వరకు అంటే చాలు. పింఛను ఆమె శ్రమకి బకాయి కాబట్టి ఆమె బతికున్నంతకాలం ఆమెది. పిల్లల వాటా పిల్లలకి వేరుగా, అనాథలన్న పేరు పెట్టకుండా ఇవ్వాలి. అవసరం చూడాలంటే ఆదాయం చూడొచ్చు, దానికి దారి వాళ్ళ నియమాల్లోనే వుంది. 1956లో భూమి వున్న స్త్రీకి దక్కిన న్యాయాన్ని జీతం మీద బతికిన ఇంటి స్త్రీకి ఇంకా ఎందుకు ఇవ్వలేదో ప్రభుత్వం చెప్పాలి. అడగాల్సింది మనం.